డక్టులో ఆగిపోయిన టోపీ

సోమవారం పొద్దున్న లూకా మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరింటికి ఐదో అంతస్తు వంటింటి కిటికీలోంచి కప్ కేకు కాగితం ఒకటి డక్టులోకి వదలాలి. అది కింద పడటానికి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. ఆ తర్వాత స్నానం చేసి, ఇడ్లీ తిని, ఏడున్నర లోకల్ పట్టుకుని సికింద్రాబాద్‌లో తాను పనిచేసే మిషన్ స్కూలుకు వెళ్లాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఫిజిక్సు చెబుతున్న మనిషికి ఇదీ ఒక పనేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది. అందుకే భార్య దేవకృపకు కూడా చెప్పకుండా, ఆమె సండే స్కూలు పిల్లల కేకుల కోసం తెచ్చుకున్న కట్టలోంచి ఒక కాగితపు గిన్నె లాగేశారు.

ఈ ఆలోచన ఆయన బుర్రలో పెట్టినవాడు హుస్సేన్. మల్కాజ్‌గిరిలో వాళ్లుండే సుజాత రెసిడెన్సీ కింది భాగంలో, వెనకవైపు రెండు గదుల్లో హుస్సేన్ నహారీ వండి అమ్ముతాడు. రాత్రంతా సన్నని సెగ మీద మగ్గిన మాంసం పులుసు, తెల్లవారుతుండగా వేడి వేడి కుల్చా రొట్టెలు. ఇరవై ఏళ్లుగా మాస్టారి మొదటి చాయ్ అక్కడే. పోయిన వారం వాన పడుతుంటే హుస్సేన్ గరిటె పట్టుకునే ఆకాశం కేసి చూశాడు.

"సారూ, ఒక్క మాట అడుగుతా, పరేషాన్ గావొద్దు. వాన చుక్క గంత మీదికెల్లి పడతది గదా. గంత మీదికెల్లి పడ్డది నెత్తికి తూటా లెక్క తాకాలె. ఎందుకు తాకదు?"

మాస్టారి పాఠాలన్నీ ఒకే ముక్క మీద నడిచాయి. పడే వస్తువు గురించి ఏ లెక్క చెప్పినా ముందు బోర్డు మీద "గాలి నిరోధాన్ని విస్మరించి" అని రాసి, దాని కింద గీత గీసి, అప్పుడు మొదలుపెట్టేవారు. పిల్లలు విస్మరించారు, పేపర్లు దిద్దేవాళ్లు విస్మరించారు, గాలి కూడా ఇన్నేళ్లూ ఏమీ అనుకోలేదు. ఇప్పుడు నహారీ వండుకునే మనిషి వచ్చి ఆ గాలి సంగతేమిటని అడుగుతున్నాడు. "రేపు చెప్తాలే" అని లేచి వచ్చేశారు గానీ, ఆ రేపు వారమైనా రాలేదు. ఈ నెలాఖరుకు రిటైర్మెంటు. పోయేలోపు ఒక్కసారైనా ఆ సంగతి కళ్లతో చూడాలనిపించింది.

చిన్న ఇబ్బంది ఒకటి ఉంది. డక్టు అంటే ఆ భవనం నడుమ వంటిళ్లకూ స్నానాల గదులకూ గాలీ వెలుతురూ రావాలని కింది నుంచి పైదాకా వదిలిన చదరపు సందు. వెలుతురు అందులోకి మూడో అంతస్తు కంటే కిందికి ఏనాడూ దిగలేదు. దాని గోడ మీద ఎర్ర అక్షరాల్లో నోటీసు ఉంది: "డక్టులోకి ఎవరూ ఏ వస్తువునూ వేయరాదు. పొగ వదలరాదు. అతిక్రమించినవారిపై చర్య తీసుకోబడును." కింద అసోసియేషన్ కార్యదర్శి సంతకం. ఆ కార్యదర్శి లూకా మాస్టారే. పది రోజుల క్రితం, వీధివైపు పొగ వస్తోందని నలుగురు ఫిర్యాదు చేస్తే, హుస్సేన్ పొగగొట్టం మూయించిన నోటీసు మీదా ఆయన సంతకమే. "మరి ఇప్పుడు పొగ ఎలా హుస్సేన్ భాయ్?" అని బాధపడుతూ అడిగితే, "ఏదో చేసుకున్న సారూ" అని హుస్సేన్ గిన్నెలోకి చూస్తూ చెప్పాడు.

కాబట్టి ఈ ప్రయోగం సంగతి ఇద్దరి మధ్యే ఉండాలనుకున్నారు. హుస్సేన్ కింద తన కిటికీ దగ్గర నిలబడ్డాడు. మాస్టారు పైన ఫోను చెవికి ఆనించుకున్నారు.

"లెక్క ప్రకారం రెండు సెకన్లు. గాలి అడ్డం పడితే నాలుగు అనుకో. వదుల్తున్నా!"

"వదులుండ్రి సారూ."

తెల్ల కాగితపు గిన్నె, చుట్టూ మడతలతో, నిటారుగా, తొందరేమీ లేకుండా దిగింది. నాలుగో అంతస్తు దాటింది. మూడో అంతస్తు దాటి మసక చీకట్లోకి పోయింది.

"వచ్చిందా?"

"రాలే సారూ."

"ఇప్పుడు?"

"రాలే. మీరు నిజంగనే ఇడిసినరా?"

నిమిషం గడిచింది. మాస్టారు నడుము దాకా కిటికీలోంచి వంగి చూశారు. రెండో అంతస్తు దగ్గర, మూసి ఉన్న ఒక కిటికీకి ఎదురుగా, ఆ తెల్ల గిన్నె గాలిలో నిలబడి ఉంది. పడటం లేదు. పైకి రావడమూ లేదు. నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ జానెడు లేచింది, జానెడు దిగింది, మళ్లీ ఆ కిటికీ ఎదుటికే వచ్చి ఆగింది. చప్పుడు లేదు. తలుపు తీసేదాకా గుమ్మంలో ఓపిగ్గా నిలబడే మనిషిలా ఉంది. మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ కిటికీ రెండువందల ఒకటో నంబరు ఫ్లాటుది. అందులో ఒంటరిగా ఉండే జెనిఫర్ సిస్టర్ పోయి ఏడు నెలలైంది. ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఆమె తలుపు ముందు సూదులు వేయించుకునేవాళ్లు వరసలో నిలబడేవారు. ఎంత తొందరలో ఉన్నా తెల్ల మడతల టోపీ తలకు గుచ్చుకోనిదే సిరంజి ముట్టుకునేది కాదు. "పిన్నీ, మా వాడు భయపడుతున్నాడు, వాడి సూది కూడా మీరే వేయించుకోండి" అని ఎవరైనా నవ్వులాటకంటే, "ఎవరి సూది వాళ్లే వేయించుకోవాలమ్మా" అనేది. ఆఖరి మూడు నెలలూ మంచం మీదే ఉంది. హుస్సేన్ రోజూ మేక కాళ్లతో కాచిన పాయా రసం పట్టుకెళ్లి ఇచ్చేవాడు. ఆమె లూకా మాస్టారికి రెండుసార్లు కబురు పెట్టింది, వచ్చి ఒక కీర్తన చదివి వెళ్లమని. పరీక్షలయ్యాక వస్తానన్నారు. పరీక్షలు అయ్యేసరికి ఆమె లేదు. ఈ సంగతి మాస్టారు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు టోపీలాంటి ఆ కాగితాన్ని చూస్తుంటే, ఆమెకు మాత్రం గుర్తుందేమోనని భయం వేసింది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తులో కల్పలత మసిగుడ్డ ఆరేద్దామని కిటికీ తీసి, కిందికి చూసి, "నర్సమ్మ టోపీ! యేసయ్యా, రామా, నర్సమ్మ టోపీ!" అని అరిచింది. ఏ దేవుడి పేరు అయినా పనికొస్తుందని ఆ క్షణంలో ఆమెకు తోచింది. ఐదు నిమిషాల్లో డక్టు పొడవునా కిటికీలన్నీ తెరుచుకున్నాయి. లూకా మాస్టారు కూడా అప్పుడే నిద్ర లేచినట్టు ముఖం పెట్టి వంగి చూశారు. ఎవరో అగరుబత్తి వెలిగించారు. కల్పలత వణికే చేతులతో తీసిన ఫోటోలో తెల్ల మచ్చ ఒకటే పడింది. టోపీని చూడనివాళ్లందరికీ ఆ మచ్చతో పూర్తి నమ్మకం కుదిరింది.

ఏడింటికి, హుస్సేన్ పొయ్యి ఆర్పే వేళకు, అది ఉన్నట్టుండి కిందికి జారిపోయింది. హుస్సేన్ దాన్ని ఎవరూ చూడకుండా తీసి జేబులో పెట్టుకుని, చాయ్ ఇచ్చే నెపంతో పైకి వచ్చాడు. అతని ముఖం పాలిపోయి ఉంది.

"నోటీసు మీద మీ సంతకం ఉన్నది. మీ పేరు నేను బయట పెట్ట. గానీ సారూ, కప్పు మనదే. పట్టుకున్నదెవరు?"

మాస్టారు చాయ్ గ్లాసు అందుకుని వంటింటి కిటికీ మూసేశారు.

మంగళవారం ఆయన ధైర్యం కూడదీసుకున్నారు. ఒక కాగితం తేలిక కాబట్టి ఏదో అయింది. రెండు కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి వదిలితే బరువు రెట్టింపు, దిగి తీరుతుంది. వదిలారు. దిగింది. రెండో అంతస్తు దాటింది. మాస్టారు హమ్మయ్య అనుకునేలోపు మొదటి అంతస్తులో, స్నానాల గది కిటికీ ఎదుట, నిన్నటిలాగే ఆగి తిరగడం మొదలుపెట్టింది. బరువు రెట్టింపు చేస్తే ఒక అంతస్తు దిగింది. అంటే అక్కడున్నది ఎవరైనా సరే, కొలత తెలిసినవాళ్లు. ఇన్ని మిల్లీలంటే అన్ని మిల్లీలే ఎక్కించే చెయ్యి.

మొదటి అంతస్తు స్నానాల గదిలో అసోసియేషన్ అధ్యక్షుడు విజయేందర్ గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో తన భుజం వెనక తెల్ల టోపీ కనిపించింది. సగం గీసిన గడ్డంతో, సబ్బు నురగతో, ఆయన మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చాడు.

"నిన్న రెండో ఫ్లోరు! ఇయ్యాల ఫస్టు ఫ్లోరు! దిగుతున్నది, సార్! ఒక్కొక్క ఫ్లోరు దిగుతున్నది! నేను ఒకసారి ఇంజెక్షనుకు పోతే జెర జల్దీ చెయ్ అన్న. గంతే అన్న. గది సుత మనసుల పెట్టుకున్నదా?"

ఆ రోజు నుంచి సుజాత రెసిడెన్సీలో ప్రతి ఇంటికీ జ్ఞాపకాలు తిరిగొచ్చాయి. సిస్టర్ దగ్గర తెచ్చుకుని మళ్లీ ఇవ్వని వస్తువులు ఒక్కొక్కటే ఆమె తాళం వేసిన తలుపు ముందు చేరాయి. వేడినీళ్ల రబ్బరు సంచి. నల్ల గొడుగు. మూడు స్టీలు డబ్బాలు, వాటిలో ఒకదాంట్లో కల్పలత మర్యాద కోసం మురుకులు పెట్టింది. జ్వరం చూసే థర్మామీటరు ఒకటి నాలుగిళ్లు చేతులు మారి ఎవరు తెచ్చారో తెలియకుండా అక్కడికి వచ్చింది. పిల్లలు మెట్లు ఎక్కేటప్పుడు రెండో అంతస్తు దగ్గర గొంతులు తగ్గించేవారు. పెద్దలు అయితే లిఫ్టులోంచి కూడా అటు చూసేవారు కాదు.

బుధవారం మాస్టారు ఏమీ వదల్లేదు. ఇక చాలు, వాళ్లే మరిచిపోతారు అనుకున్నారు. ఆరింటికి భవనమంతా కిటికీల దగ్గర ఊపిరి బిగపట్టి నిలబడింది. డక్టులో ఏమీ కనిపించలేదు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ విజయేందర్ లెక్కలో గట్టివాడు.

"సోమవారం రెండు, మంగళవారం ఒకటి. ఇయ్యాల ఏడ ఉండాలె? కింద! ఏడికి పోవాల్నో ఆడికి పోయింది. హుస్సేన్ కిచెన్ల చొచ్చింది!"

ఎందుకు చొచ్చిందనే దానికి సాయంత్రానికల్లా నాలుగు కారణాలు తేలాయి. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి ఆత్మకు తక్లీఫ్ ఇస్తున్నాడని విజయేందర్ ఒకటి ఖాయం చేశాడు. గురువారం నహారీ సగం మిగిలింది. శుక్రవారం కుల్చాలు వేయనేలేదు. ఆదివారం పొద్దున్న ఆరింటికి డక్టు తలుపు దగ్గర అందరూ చేరి స్వయంగా చూడాలనీ, టోపీ కనిపిస్తే హుస్సేన్ వంటగది ఖాళీ చేయించాలనీ, కనిపించకపోయినా ఆలోచించాలనీ నోటీసు పెట్టారు. కార్యదర్శిగా మాస్టారే సంతకం చేయాల్సి వచ్చింది. సంతకం పెడుతుంటే కలం రెండుసార్లు ఆగింది.

ఇరవై రెండేళ్ల కిందట ఆ రెండు గదుల్లో పెట్టిన పొయ్యి తప్ప హుస్సేన్‌కు వేరే ఆధారం లేదు. అతని భార్య ఖమర్ బీ అక్కడే కుల్చాలు చేసి చేసి మోకాళ్లు అరగదీసుకుంది. ఒక్క మాట, "ఆ కప్పులు లూకా సారువి" అన్న ఒక్క మాట హుస్సేన్ అంటే గొడవ అతని మీదినుంచి పోతుంది. అతను అనలేదు. శనివారం పొద్దున్న మాస్టారు చాయ్‌కు వెళ్తే, ఖాళీ బల్లల మధ్య కూర్చుని ఎప్పటిలా గ్లాసు కడిగి ఇచ్చాడు.

"చెప్పేయవయ్యా! నా పేరు చెప్పేయ్!" అన్నారు మాస్టారు.

"నెలాఖరుకు మీకు స్కూల్ల సన్మానం ఉన్నది. దయ్యాన్ని తయారు జేసిన సారు అని దండ ఏస్తరా? తాగుండ్రి, సల్లారిపోతది."

మాస్టారు ఆ చాయ్ సగంలోనే వదిలేసి లేచారు. సిగ్గేసింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తెగించి ఇంకో కాగితం వదిలారు. పట్టపగలు, ఒంటిగంట. కింద హుస్సేన్ వంట ఎప్పుడో అయిపోయింది. కాగితం బుద్ధిగా దిగింది, పన్నెండు సెకన్లలో నేల తాకింది. ఎక్కడా ఆగలేదు. మాస్టారికి ఊరట కలగాల్సింది పోయి భయం రెట్టింపైంది. అదే డక్టు, అదే కాగితం, అదే గాలి. పగలు పడుతుంది, పొద్దున్న ఆరింటికి మాత్రం పడదు. ఆరు నుంచి ఏడు సిస్టర్ వేళ. ఇక గాలి మీద తప్పు వేయడానికి కూడా లేదనుకున్నారు పాపం, ముప్ఫై ఒక్క ఏళ్ల ఫిజిక్సు మాస్టారు.

సాయంత్రం ఆయన బీరువా వెతికి పెద్దక్షరాల కీర్తనల పుస్తకం ఒకటి బయటికి తీశారు. అది జెనిఫర్ సిస్టర్‌ది. రెండేళ్ల కిందట క్రిస్మస్‌కు తెచ్చుకున్నది. రెండో అంతస్తుకు దిగి, గొడుగు పక్కన దాన్ని పెట్టారు. పెట్టి ఊరికే వచ్చేయలేకపోయారు. మూసిన తలుపు ముందు నిలబడి, ఆమె అడిగిన కీర్తన మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చదివారు. లోపల ఏ చప్పుడూ కాలేదు. మెట్లెక్కుతుంటే ఆమె మాటే చెవిలో పడినట్టయింది. ఎవరి సూది వాళ్లే వేయించుకోవాలి. మాస్టారు ఆ మెట్ల మీదే నిర్ణయం తీసుకున్నారు.

ఆదివారం ఆరింటికి, చర్చికని ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఆయన డక్టు కింది తలుపు దగ్గరికి వచ్చారు. అప్పటికే ఇరవైమంది గుమిగూడారు. హుస్సేన్ తన వంటగది గుమ్మంలో, చేతిలో ఏదో గోనెపట్టా కట్టతో నిలబడ్డాడు. ఖమర్ బీ కళ్లు వాచి ఉన్నాయి. విజయేందర్ గొంతు సవరించుకునేలోపే మాస్టారు చెయ్యెత్తారు.

"అందరూ నన్ను క్షమించాలి. మీరు చూసింది టోపీ కాదు. అది కప్ కేకు కాగితం. పైనుంచి నేనే వదిలాను. సోమవారం ఒకటి, మంగళవారం రెండు. నోటీసు రాసినవాణ్ణే, నేనే తప్పాను. హుస్సేన్ భాయ్‌కి దీంతో ఏ సంబంధం లేదు."

"కాయితమైతే పడాలె గదా సార్, ఎందుకు ఆగింది?" అని విజయేందర్ నెమ్మదిగా అడిగాడు.

"అది నాకూ తెలియదు. ఆగుతుంది, అంతే. ఈ వేళకు ఆగుతుంది. కావాలంటే చూడండి."

ఆయన దేవకృపకు ఫోను చేశారు. పైనుంచి ఆమె గొంతు డక్టంతా మోగింది. "నలభై ఎనిమిది ఉండాల్సింది నలభై నాలుగే ఉన్నాయేమిటా అని నిన్నటి నుంచి వెతుకుతున్నానండీ! మీరా?"

"తర్వాత తిట్టు. ఒకటి వదులు!"

ఇరవైమంది తలలు పైకి లేచాయి. తెల్ల చుక్క ఒకటి పైన కనిపించింది. మాస్టారు మూడు అడుగులు డక్టు లోపలికి వేసి, అది రెండో అంతస్తు దగ్గర ఆగడం కోసం ఎదురుచూశారు. జీవితంలో మొదటిసారి ఆయన దయ్యం రావాలని మనసారా కోరుకున్నారు.

అది నాలుగు దాటింది. మూడు దాటింది. జెనిఫర్ సిస్టర్ కిటికీ ముందు నుంచి, ఆ కిటికీ ఎవరిదో తనకేమీ తెలియనట్టు, నింపాదిగా దిగింది. జనం పైకి చూస్తూ అంకెలు లెక్కపెట్టారు. పన్నెండు అనేసరికి అది వచ్చి మాస్టారి అరచేతిలో పడింది.

"మీ కప్పు పడుతది సార్," అన్నాడు విజయేందర్. గొంతులో భక్తి కలిసింది. "మేం చూసింది పడలే."

దీనికి జవాబు చెబుదామని మాస్టారు తిరిగారు. అప్పుడు గోడ మీద చూపు ఆగింది. మనిషి భుజం ఎత్తులో, హుస్సేన్ వంటగదిలోంచి డక్టులోకి కొట్టిన గుండ్రటి కంత. దానికి పైకి వంచి బిగించిన కొత్త రేకు గొట్టం. గొట్టం నోటి నుంచి నల్లటి మసి గీత ఒకటి గోడ వెంట నిటారుగా, మొదటి అంతస్తు దాకా, రెండో అంతస్తు దాకా. కంతలో నాలుగు మేకుల గుర్తులు ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. గుమ్మంలో హుస్సేన్ చేతిలోని గోనెపట్టా అంచున ఎగ్జాస్టు ఫ్యాను రెక్క ఒకటి బయటికి పొడుచుకు వచ్చింది. తనిఖీకి అందరూ వస్తారని పొద్దున్నే విప్పేసినట్టున్నాడు.

మాస్టారికి ఒక్కసారిగా మొత్తం తెలిసిపోయింది. వీధివైపు పొగగొట్టం మూయించింది తానే. దిక్కులేక ఇటు తిప్పుకున్నాడు. రోజూ ఏడు దాకా ఈ గొట్టం వేడి గాలిని పైకి తోస్తూనే ఉంది. కాగితం కిందికి దిగే వేగమూ, గాలి పైకి ఎక్కే వేగమూ ఎక్కడ సమానమైతే అక్కడ అది ఆగింది. బరువు పెంచితే, గాలి ఇంకా బలంగా ఉన్న కింది చోట ఆగింది. ఎంత అందమైన పాఠం! ముప్ఫై ఒక్క ఏళ్లలో ఇంత మంచి పాఠం ఆయనకు దొరకలేదు. చెప్పడానికి ఇరవైమంది విద్యార్థులు నోళ్లు తెరుచుకుని ఎదురుగా ఉన్నారు. ఆయన ఛాతీ పొంగింది, చెయ్యి దానంతటదే బోర్డు కోసం లేచింది.

అప్పుడు హుస్సేన్ కళ్లు కనిపించాయి. పాఠం చెబితే దయ్యం పోతుంది. దయ్యంతోపాటు, డక్టులోకి పొగ వదిలినందుకు హుస్సేన్ వంటగదీ పోతుంది.

"సార్లూ, అమ్మలూ, ఒక మాట," అని హుస్సేన్ గోనెపట్టా ముందుకు చాపుతూ మొదలుపెట్టాడు, "సారు తప్పేం లేదు, నేనే…"

"హుస్సేన్ భాయ్, నువ్వు ఊరుకో!" అని మాస్టారు క్లాసులో అరిచినట్టు అరిచారు. రెండు అడుగులు వెనక్కి వేసి, ఆ కంతకు వీపు ఆనించి, గొట్టం కనిపించకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు. "విజయేందర్ గారు చెప్పిందే నిజం. నాది పడింది. మీరు చూసింది పడలేదు."

"మరి గిప్పుడు ఏడ పోయింది?" అని అడిగింది కల్పలత, సన్నటి గొంతుతో.

మాస్టారు వీపు ఇంకా గట్టిగా గోడకు ఆనించారు. "నిన్న సాయంత్రం నేను సిస్టర్ తలుపు ముందు ఒక కీర్తన చదివాను." ఈ మాటలో అబద్ధం లేదు. అందుకే బాగా పనిచేసింది.

గుంపులో చిన్న కదలిక పుట్టింది. ఎవరో చేతులు జోడించారు. లూకా సారు కీర్తన చదివి సిస్టర్‌ను సాగనంపి, హుస్సేన్‌ను కాపాడటానికి కప్పుల కథ కల్పించి నింద నెత్తిన వేసుకున్నాడని రెండు నిమిషాల్లో అందరికీ అర్థమైపోయింది. చివరి మూడు నెలలు ఆమెకు రోజూ రసం పట్టుకెళ్లింది ఎవరో కూడా అప్పుడే అందరికీ గుర్తొచ్చింది. అలాంటి మనిషిని వెళ్లగొడితే ఆమె మళ్లీ దిగి వస్తుందని, ఈసారి అద్దంలో కనిపించి ఊరుకోదని విజయేందర్‌కు చెమటలు పట్టాయి.

"హుస్సేన్ ఏడికీ పోడు," అని ఆయన గట్టిగా ప్రకటించాడు. "ఇంకో మాట సార్. పొగతోని సిస్టర్ కిటికీకి తక్లీఫ్ కావొద్దు. వెనక గోడ మీద టెర్రస్ దాకా పక్కా పొగగొట్టం పెట్టిద్దాం. అసోసియేషన్ తరఫున. రాసుకోండ్రి."

అందరూ వెళ్లిపోయాక హుస్సేన్ రెండు గ్లాసుల్లో చాయ్ పోశాడు. మాస్టారు అతన్ని కూర్చోబెట్టి, బాకీ పడ్డ జవాబు అప్పుడు చెప్పారు.

"పడేది వేగం పెంచుకునే కొద్దీ గాలి గట్టిగా అడ్డుకుంటుంది. ఒకచోట బరువూ అడ్డూ సమానమైపోతాయి. ఇక అక్కణ్ణుంచి ఎంత దూరం పడ్డా వేగం పెరగదు. వాన చుక్క మబ్బులోంచి దిగినా, మిద్దె మీద నుంచి దిగినా నీ నెత్తికి ఒకలాగే తగులుతుంది. మా కప్పు ఇంకా తేలిక, ఇంకా నెమ్మది. కింది నుంచి నీ ఫ్యాను అదే వేగంతో తోసింది. అది దిగుతూనే ఉంది, గాలి ఎక్కుతూనే ఉంది. మన కళ్లకు మాత్రం ఆగింది."

హుస్సేన్ గ్లాసు కింద పెట్టాడు. "అంటే సారూ, సగం దయ్యం మీది, సగం నాది."

"అవునయ్యా. నువ్వు నాకు ఫ్యాను సంగతి చెప్పలేదు. నేను నిన్ను అడగలేదు."

"సంతకం మీది ఉండె గదా సారూ. మీకు జెప్తే మీరు పరేషాన్ అయితరని…" అని హుస్సేన్ ఆగిపోయాడు. తర్వాత ఖమర్ బీ వచ్చి వేడి కుల్చా ఒకటి మాస్టారి ముందు పెట్టి, లోపలికి వెళ్లింది.

ఆ ఆదివారం చర్చిలో లూకా మాస్టారి తెల్ల చొక్కా వీపు మీద పళ్లెమంత గుండ్రటి నల్ల మచ్చ ఉంది. వెనక వరసలో కూర్చున్నవాళ్లంతా ఆరాధన సాగినంతసేపూ దాన్నే చూశారు. అప్పటికే కబురు అక్కడికీ చేరింది కాబట్టి, సిస్టర్ వెళ్తూ వెళ్తూ ఆయన వీపు తట్టిందని చెప్పుకున్నారు. దేవకృప ఆ చొక్కాను మూడుసార్లు ఉతికింది. మరక పోలేదు. సోమవారం నుంచి పొద్దున్న ఆరింటికి మాస్టారి తలుపు ముందు నలుగురైదుగురు వరసలో నిలబడటం మొదలైంది. ఒకరికి పిల్లవాడి పీడకలలు, ఒకరికి దానంతటదే ఆన్ అయ్యే మిక్సీ.

ఆ ఆదివారం రాత్రే భోజనాలయ్యాక ఆయన మినిట్స్ పుస్తకం తెరిచారు. కార్యదర్శి కదా, తప్పదు. "స్వర్గీయ జెనిఫర్ సిస్టర్ గారి ఆత్మ శాంతించినందున, శ్రీ హుస్సేన్ గారి వంటగది యథాతథంగా కొనసాగుటకును, పొగగొట్టము ఏర్పాటు చేయుటకును ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని గుండ్రటి అక్షరాల్లో రాశారు. రాసింది రెండుసార్లు చదువుకున్నారు. ఫిజిక్సు మాస్టారి మనసు ఒప్పుకోలేదు. చాలాసేపు ఆలోచించి, సంతకానికి పైన చిన్న అక్షరాల్లో "గాలి నిరోధాన్ని విస్మరించి" అని చేర్చి, కింద గీత గీశారు.